పేరు ఇస్తారిది, సీసా లస్మవ్వది

ముప్పై నాలుగేళ్లు బొగ్గుగని కడుపులో పనిచేసి, ఒక్క గాయం లేకుండా బయటపడ్డ ఇస్తారి, రిటైరైన ఆరేళ్లకు సైకిలు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. అదీ ఎక్కడ? మహారాష్ట్రలో చంద్రపూర్ పక్కనున్న దుర్గాపూర్‌లో సొంత ఇంటి ముందు, పట్టపగలు. ఎదురుగా కుక్క లేదు, కింద గుంత లేదు. కోలాటంలో ఎగిరి తిరగడం ఎలాగో వెనక వస్తున్న కుర్రాళ్లకు సైకిలు మీద నుంచే చూపించబోయాడు. అరవై ఆరేళ్ల మనిషి! ఇలాంటివాడికి ఏం చెప్పాలి, ఎవరు చెప్పాలి?

కోలాటమంటే ఆయనకు అంత పిచ్చి. కరీంనగర్ వైపు నుంచి గని పనికి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లు దుర్గాపూర్‌లో ఒక మండలి పెట్టుకున్నారు. ఏటా గణపతి నిమజ్జనం నాడు ఆ మండలి చంద్రపూర్ ఊరేగింపులో కోలాటం ఆడుకుంటూ జట్‌పురా గేటు దాటుతుంది. ముందు నిలబడి పాట ఎత్తేది, మొదటి కర్ర తాకించేది ఇస్తారి. ముప్పై రెండేళ్లుగా ఆ చోటు ఆయనదే. ఇంకొకరు అడగలేదు, అడిగితే ఇచ్చేవాడూ కాదు.

ఏప్రిల్‌లో చేతికట్టు విప్పిన రోజే కొడుకు సుదర్శన్ అడ్డం పడ్డాడు. పవర్‌హౌస్‌లో ఉద్యోగం అతనిది, మాట తక్కువ, పట్టు ఎక్కువ.

"బాపూ, నీ ఎముకలు గట్టిగున్నయని డాక్టర్ చెప్తెనే ఈసారి కర్రలు ముట్టాలె. లేకుంటే కోలాటం బంద్."

"నాకేమైందిరా? చెయ్యి అతికింది గదా!"

"చెయ్యి అతికింది. రేపు నడుము ఇరిగితే ఎవరు అతికిస్తరు?"

అలా తండ్రిని ఆసుపత్రికి లాక్కుపోయాడు. అక్కడ డాక్టర్ మాధవి అప్పుడే ఒక కొత్త పరిశోధన మొదలుపెట్టింది. అరవై దాటి, ఎముక విరిగి అతుక్కున్నవాళ్లను ఎంచుకుంటోంది. ఆమె రాజురా దగ్గరి పల్లెలో పుట్టిన పిల్ల. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. అందుకని రెండూ కలిపి, ఎవరికి ఏది అర్థమైతే అది మాట్లాడుతుంది; పెద్దవాళ్లను మరాఠీ తీరున కాకా, కాకీ అంటుంది.

"కాకా, స్కాన్ ఒకటి తీస్త. అది గాక మూడు వారాలకొకపారి పొద్దుగాల మొదటి మూత్రం ఈ సీసాల పట్టి తేవాలె. సూది లేదు, మందు లేదు. బస్, గంతే."

"మూత్రంల ఎముక ఎట్ల కనవడ్తది బిడ్డా?"

"మనం తినే తిండిల కాల్షియం ఉంటది గదా. అండ్ల జర తేలికది ఉంటది, జర బరువుది ఉంటది. రెండూ కాల్షియమే, రెండూ పుట్టుకతోని ఉన్నవే. ఐసోటోపులంటరు వాటిని. ఎముక కట్టుకునేటప్పుడు తేలికదాన్ని ఎక్కువ ఏరుకుంటది. అప్పుడు మూత్రంల బరువుది ఎక్కువ మిగుల్తది. అదే ఎముక కరిగిందనుకో, లోపల దాచుకున్న తేలికది బయటికొస్తది. దూరం ల్యాబుల పెద్ద మిషిన్ ఉంది, ఆ తేడా పట్టేస్తది. స్కాన్‌ల కనవడేతందుకు నెలలు, ఏండ్లు పడ్తది. మూత్రంల కొన్ని వారాలకే తెలుస్తది."

చాటలో బియ్యం చెరిగేటప్పుడు తేలికదీ బరువుదీ వేరవడం ఇస్తారి రోజూ చూసేదే. అర్థం కాకపోవడానికేం లేదు. కానీ ఆయన చెవికి ఎక్కింది ఒక్కటే: సీసా ఇవ్వాలి, దాన్ని బట్టి డాక్టరు మాట చెబుతుంది. ఎప్పటి భయమో లేచి కూర్చుంది.

గనిలో ఉన్నప్పుడు వైద్య పరీక్ష అంటే కార్మికులకు చలిజ్వరం. చక్కెర ఉందని తేలితే అన్‌ఫిట్ అంటారని, భూమి లోపలి పని పోతుందని హడలిపోయేవాళ్లు. ఇస్తారికి చివరి ఆరేళ్లు చక్కెర ఉండేది. ఆ ఆరేళ్లూ పరీక్షకు ఆయన తీసుకుపోయిన సీసాలో ఉన్నది భార్య లస్మవ్వ మూత్రం. పేరు ఇస్తారిది, సీసా లస్మవ్వది. గని డాక్టరు కాగితం చూసి గుర్రంలా ఉన్నావని వీపు తట్టేవాడు. ఇస్తారి సిగ్గులేకుండా నవ్వి బయటికొచ్చేవాడు. జట్టులో సగం మంది పెళ్లాల పుణ్యాన ఫిట్ అయినవాళ్లే కాబట్టి ఎవరూ ఎవరినీ ఎత్తిచూపేవాళ్లు కాదు.

ఆ రాత్రి కాదు, తెల్లారి కూడా కాదు, ఇంటికి రాగానే వంటింట్లోకి దూరి సీసా చూపించాడు.

"ఏమే, జర పాత సాయం చెయ్యవా?"

లస్మవ్వ సీసా చూసింది, మొగుడి మొహం చూసింది. ఒంటికాలి మీద లేచింది.

"థూ! మనవలు పుట్టే వయసు, ఇంకా బుద్ధి రాలే నీకు? ఆ పిల్ల ఏదో చదువు కోసం అడుగుతుంటే గీ దొంగపని ఏంది?"

"సుదర్శన్ కోలాటం బంద్ అంటుండు. నావి గని తిన్న బొక్కలు, ఈ ఎముకలల్ల ఏమొస్తదో ఏమో. నీవి ఇనుము గదనే! గీ ఒక్కపారి."

"ఒక్కపారి అనుకుంటనే ఆరేండ్లు నడిపించినవ్."

అంటూనే సీసా లాక్కుంది. పైకి ఎన్ని తిట్టినా, ముందు వరసలో కర్రలు తిప్పుతూ ఎగిరే మొగుణ్ని చూడడమంటే ఆమెకు ఎంతో ఇష్టం. ఆ మాట ముప్పై రెండేళ్లలో ఒక్కసారీ ఆయనతో అనలేదు, అది వేరే సంగతి. ఇక ఇనుము అన్నది ఇస్తారి ముఖస్తుతి కాదు. అరవై రెండేళ్ల లస్మవ్వ వీధి నల్లా దగ్గర రెండు బిందెలు నింపి, ఒకటి నెత్తిన, ఒకటి చంకన పెట్టుకుని ఇరవై మెట్లు ఎక్కి వస్తుంది. కిందటేడు మోకాళ్లు పట్టుకుని కొన్నాళ్లు మూలిగింది గానీ, తర్వాత అదీ లేదు. వాడకట్టులో ఆమె ముందు కోడళ్లు కూడా ఆయాసపడాల్సిందే.

మే, జూన్ గడిచేసరికి మూడు సీసాలు వెళ్లాయి. జూలైలో వాన పట్టిన ఒక పొద్దున మాధవి ఫోను చేసి వెంటనే రమ్మంది. లస్మవ్వ నీళ్లకు బయల్దేరుతోంది. ఆమె అందించిన గొడుగుతో ఇస్తారి ఒక్కడే ఆటో ఎక్కాడు.

మాధవి బల్ల మీద కాగితాలు పరిచి కూర్చుంది. నవ్వలేదు.

"కాకా, నీ స్కాన్ మంచిగుంది. వయసుకు తగ్గట్టుగనే ఉన్నయ్ ఎముకలు."

ఇస్తారి మొహం చేటంత అయింది.

"గానీ మూత్రం చూస్తే ఉల్టా ఉంది. ఒక్కొక్క సీసాకు తేలిక కాల్షియం పెరుగుతనే ఉంది. ఎముక జోరుగ కరుగుతుంది కాకా. ఇది స్కాన్‌ల ఇంకా పడలేదేమో అనుకుంటున్న. ఇంత జోరు ఊకెనే రాదు. నొప్పులకు సంతల అమ్మే పొడులు గిట్ల తింటున్నవా? కొందరు వాటిల్ల స్టెరాయిడ్ కలుపుతరు. నొప్పి మాయమైతది, ఎముక గుల్లైతది."

"నేనా? తంబాకు తప్ప ఇంకోటి తెల్వది బిడ్డా."

"అయితే ఇంకా పరీక్షలు చెయ్యాలె. అప్పటిదాంక కోలాటం నక్కో, అసలొద్దు. పడితే మాత్రం లేవవు."

ఇస్తారి బుద్ధిగా తలూపి బయటికి వచ్చాడు. తలుపు మూసుకోగానే నవ్వొచ్చింది. స్కాన్ ఆయనది, అది బాగుంది. ఆ పాడు కాగితం ఆయనది కానే కాదు. బతికిపోయా దేవుడా అనుకుంటూ గొడుగు ఊపుకుంటూ మందుల కిటికీ దాకా నడిచాడు. అక్కడ కాళ్లు ఆగిపోయాయి.

తనది కాకపోతే ఎవరిది?

 పక్కనున్న బెంచీ మీద కూలబడ్డాడు. ఆ కరిగిపోతున్న ఎముకలు ఈ క్షణాన, ఈ వానలో, రెండు బిందెలు మోసుకుంటూ తడి మెట్లు ఎక్కుతున్నాయి. పొద్దున తను ఆటో ఎక్కుతుంటే, "గొడుగు మర్చిపోయినవ్" అని వెనక నుంచి పరుగెత్తుకొచ్చి ఇచ్చింది కూడా. గనిలో పైకప్పు పెళపెళలాడినప్పుడు కూడా ఇస్తారికి ఇంత భయం వేయలేదు. అప్పుడు కూలితే తన మీద కూలేది.

నిజం చెబితే పరువు పోతుంది. డాక్టరు ఛీ అంటుంది, కొడుకు మొహం చూడడు, కోలాటం మాట మళ్లీ ఎత్తే వీలుండదు. ఇవన్నీ తెలుసు. తెలిసే లేచాడు. లోపల ఇంకో రోగి కూర్చున్నా ఆగకుండా తలుపు తోశాడు.

"బిడ్డా, ఆ సీసాలు నావి గావు. నా భార్యవి."

మాధవి కలం కింద పెట్టింది. ఇస్తారి దాచకుండా మొత్తం చెప్పాడు, గని పరీక్షల దగ్గర్నుంచి నిన్నటి దాకా. వింటున్న కొద్దీ ఆ పిల్ల మొహం ఎర్రబడింది.

"మూడు సీసాలు కాకా! తప్పు పేరుతోని! నేను రాత్రింబవళ్లు కూసుండి ఈ మనిషికి ఏమైందా అని తల బద్దలు కొట్టుకున్న! నాది పరిశోధన అనుకున్నవా, తమాషా అనుకున్నవా?"

"తిట్టు బిడ్డా. చెప్పు తీసుకుని కొట్టినా పడ్త. గానీ ముందుగాల దాన్ని చూడు. అది నీళ్లు మోస్తుంది."

 మాధవి కోపం కాసేపు ఎటు పోవాలో తెలియక నిలబడింది. తర్వాత ఆమె ఒక కొత్త సీసా ఆయన ముందుకు తోసింది.

"కాకీని ఇయ్యాలనే తీసుకరా. ఇది మాత్రం నువ్వే, గిప్పుడే, గీ పక్క బాత్‌రూమ్‌ల. నేను తలుపు బయట నిలబడ్త."

పక్కనున్న రోగి పగలబడి నవ్వాడు. ఇస్తారి తల దించుకుని వెళ్లి పని కానిచ్చి వచ్చాడు. పన్నెండేళ్లలో మొదటిసారి సొంత సీసా ఇచ్చాడని చెప్పుకోవాలి.

ఇంటికి వచ్చేసరికి లస్మవ్వ మెట్ల మీద సగం దూరంలో ఉంది, నెత్తిన ఒకటి, చంకన ఒకటి. ఇస్తారి గొడుగు పారేసి పరుగెత్తి నెత్తి మీది బిందె లాక్కున్నాడు. సగం నీళ్లు ఇద్దరి మీదా ఒలికాయి.

"ఓ నీ అవ్వ! పిచ్చి లేసిందా?"

"ముట్టకు! బిందె ముట్టకు! నడువు, లోపలికి నడువు. మెల్లగ! మెట్టు చూసుకో!"

వాడకట్టంతా తలుపుల్లోకి వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఇస్తారి బిందె ఎత్తడం ఎవరూ చూసి ఎరగరు మరి. లోపల కూర్చోబెట్టి విషయం చెప్పాడు. లస్మవ్వ మొదట నమ్మలేదు, తర్వాత మండిపడింది.

"బాగుంది! సాయం జేసినందుకు నాకే రోగం అంటగట్టినవా? నాకేమైంది? నిన్న కూడా అర క్వింటాల్ బియ్యం చెరిగిన!"

"ఏమన్న పొడి తింటున్నవా? నిజం చెప్పు."

 ఆమె కొంగు కొస మెలిపెట్టింది. ఆపైన లేచి పప్పుడబ్బా వెనక నుంచి ఒక చిన్న రేకు డబ్బా తెచ్చి ముందు పెట్టింది. కాగితం పొట్లాలు. వరోరా సంతలో ఒకడు అమ్ముతాడట. పది నెలల నుంచి రోజుకొకటి.

"మోకాళ్లు పానం తీస్తుండె. ఇది ఏసుకున్న రెండో దినానికే పడుసు పిల్ల లెక్క లేసిన."

"నొస్తుందని నాకెందుకు చెప్పలే?"

"నువ్వడిగినవా?"

ఇస్తారి పది నెలలుగా ఇనుము ఇనుమని వాడకట్టంతా చెప్పుకు తిరిగాడే గానీ, ఏమే నొస్తుందా అని ఒక్కపూట అడిగిన పాపాన పోలేదు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరగడం చూసి లస్మవ్వ గాభరా పడింది. ఇంత మాట అనకుండా ఉండాల్సిందనుకుంది. అయినా వెనక్కి తీసుకోలేదు. నిజమే కదా అన్నది!

"నీ సీసా మంచిగొచ్చేదాంక నేను కర్రలు ముట్ట," అన్నాడు ఇస్తారి.

"నిన్నెవరడిగిండ్రు ముట్టకుమని? గణపతికి ఇంకా రెండు నెలలే ఉంది."

"ముట్ట అంటే ముట్ట."

మాధవి లస్మవ్వను నిలువునా పరీక్ష చేయించింది. లస్మవ్వ స్కాన్‌లో ఎముకలు కొంచెమే పలచబడి కనిపించాయి. సీసా చెప్పిన జోరు చూడకపోతే వయసు మీద పడింది లెమ్మని వదిలేసేదాన్నని మాధవే ఒప్పుకుంది. పొడిలో స్టెరాయిడ్ ఉన్న మాట నిజమే. దాన్ని ఒక్కసారిగా మానకూడదని, తను రాసిచ్చిన మాత్రతో మెల్లమెల్లగా తగ్గించాలని ఒకటికి నాలుగుసార్లు చెప్పింది. ఎముకకు వేరే మందు, మోకాళ్లకు వేరే మందు, పొద్దుటి ఎండలో నడక.

"టైమ్‌కు దొరికినవ్ కాకీ. ఇంకో ఏడాదైతే తుంటి ఇరిగినంక దొరుకుతుండె."

"గీ దొంగ ముసలోని వల్ల దొరికిన అన్నట్టు," అంది లస్మవ్వ మొగుడి వైపు చూస్తూ. మాధవి నవ్వు ఆపుకోలేకపోయింది. పాత మూడు సీసాల లెక్కను పరిశోధనలోంచి కొట్టేసి, ఇస్తారికి ఒక గట్టి చీవాటు పెట్టి, లస్మవ్వ పేరుతో వేరే ఫైలు తెరిచింది.

ఇక ఇంట్లో మొదలైంది వేడుక. నల్లా దగ్గర ఆడవాళ్ల వరసలో ఇస్తారి నిలబడ్డాడు. నెత్తిన బిందె నిలవక మూడు రోజులు వీధికి స్నానం చేయించాడు. లస్మవ్వ గుమ్మంలో కూర్చుని, "చుట్ట బట్ట సక్కగ పెట్టుకో! మెడ వంచకు!" అని అరిచేది. సంగతి విన్న సుదర్శన్ తండ్రిని ఒక్క మాట కూడా అనలేదు. తల్లిని తనూ నొస్తుందా అని అడగలేదు కదా ఎప్పుడూ. నాలుగో రోజు మనిషిని తెచ్చి ఇంట్లోకి నల్లా పైపు వేయించాడు. పొడి తగ్గించిన వారాల్లో లస్మవ్వకు నొప్పులు మళ్లీ లేచాయి. ఒక్కోరోజు ఏడ్చేది, ఒక్కోరోజు ఆ పొట్లం ఒక్కటి ఇమ్మని కొట్లాడేది. అప్పుడల్లా ఇస్తారి పాదాల దగ్గర కూర్చుని నూనె రాసేవాడు, ఆమె తిట్లన్నీ నోరెత్తకుండా పడేవాడు.

ఆగస్టులో ఇస్తారి సొంత రిపోర్టు వచ్చింది. బ్రహ్మాండంగా ఉంది. సుదర్శన్ స్వయంగా అటక మీంచి కోలాటం కర్రలు దింపి తుడిచి ఇచ్చాడు. ఇస్తారి వాటిని కళ్లకద్దుకుని మళ్లీ అటకెక్కించాడు. మండలిలో డోలు వాయించే కనకరాజు, గనిలో కలిసి పనిచేసిన దోస్తు, వచ్చి గంటసేపు బతిమాలాడు.

"నువ్వు లేకుంటే పాట ఎవరు ఎత్తుతరు? పోరగాండ్లకు తాళమే తెల్వది. డాక్టరమ్మ కూడ ఆడుమన్నదంట గదా!"

"నా బొక్కలకు ఆడుమన్నది. దానియి ఇంకా తేలలే."

ఆగస్టు చివరి వారం లస్మవ్వ తన సీసా తనే తీసుకెళ్లి, తన పేరు తన ముందే రాయించి ఇచ్చింది. ఆ తర్వాత ఇస్తారి ఫోనును జేబులోంచి తీసి పక్కన పెట్టలేదు. వారం అయింది, రెండు వారాలైంది. నిమజ్జనం రోజు రానే వచ్చింది, రిపోర్టు మాత్రం రాలేదు.

ఆ మధ్యాహ్నం జట్‌పురా గేటు దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. డోళ్లు, గులాల్ రంగులు, లౌడ్ స్పీకర్లు. దుర్గాపూర్ మండలి వంతు వచ్చింది. ముప్పై ఇద్దరు తెల్లబట్టల్లో వరస కట్టారు. ముందు చోటు ఖాళీగా ఉంది, అందులో నిలబడడానికి ఎవరికీ మొహం చెల్లలేదు. ఇస్తారి రోడ్డు పక్కన, గాజుల కొట్టు మెట్టు మీద భార్య పక్కన నిలబడి, వేళ్లు తొడ మీద తాళం వేస్తుంటే వాటిని పిడికిలిలో మూసుకున్నాడు. లస్మవ్వ అది చూసింది. ఈ మొండిమనిషిని ఏం చేయాలో తెలియక కళ్లు తిప్పుకుంది.

జేబులో ఫోను అదిరింది. మాధవి. చెవికి ఆనించుకుంటే డోళ్లు తప్ప ఏమీ వినపడలేదు. భార్య చెయ్యి పట్టుకుని కొట్టులోకి, గాజుల అరల వెనక్కి లాక్కుపోయాడు. స్పీకరు పెట్టాడు.

"కాకీ! వింటున్నవా? ఇప్పుడే వచ్చింది. తిరిగింది కాకీ, మస్తు తిరిగింది! బరువు కాల్షియం పెరిగింది మూత్రంల. ఎముక మళ్ల కట్టుకుంటుంది! మందు ఆపకు, నడక ఆపకు. వింటున్నవా?"

"వింటున్న బిడ్డా," అంది లస్మవ్వ. "నీ కడుపు సల్లగుండ."

  గాజుల అర పట్టుకుని నిలబడి, గనిలో ముప్పై నాలుగేళ్లు పనిచేసిన ఆ పెద్ద మనిషి చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. కొట్టువాడు కంగారుపడి మంచినీళ్లు తెచ్చాడు. లస్మవ్వ కొంగుతో మొగుడి మొహం గట్టిగా తుడిచి, భుజం పట్టి వాకిలి వైపు తిప్పింది.

"మంచిగనే చెప్పింది గదా, ఏడుస్తవేంది? పో. నువ్వు ముందట నిలవడి ఆడుతుంటే సూసుడంటే నాకు పానం. ముప్పై రెండేండ్ల సంది గందుకే అస్తున్న గీడికి. పోయి ఆడు."

ఇస్తారి ఆమెను చూశాడు. ఏమన్నావని అడగబోయాడు. ఆమె అప్పటికే తోసేసింది.

జనాన్ని చీల్చుకుంటూ వస్తున్న ఆయన్ను చూసి కనకరాజు డోలు ఆపకుండానే కేక పెట్టాడు. ఎవరో రెండు కర్రలు చేతిలో పెట్టారు. ఇస్తారి ముందు చోటులో నిలబడి, మెట్టు మీదున్న లస్మవ్వను ఒకసారి చూసుకుని పాట ఎత్తాడు. గొంతు జీరపోయింది, కర్ర ముందే తాకింది. ముప్పై రెండేళ్లలో మొదటిసారి ఇస్తారి తాళం తప్పాడు. ముప్పై ఇద్దరూ ఒక్క క్షణం ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఆయన తప్పిన తాళానికే కర్రలు కలిపారు.